సంతానం విషయంలో భార్య సమ్మతి

మన ఇళ్ళలో చాలాచోట్ల తర్వాతి కాన్పు ఎప్పుడు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలా వద్దా అన్నది భర్త, అత్తగారు కలిసి తేల్చేస్తారు. కడుపు మోయవలసిన ఇల్లాలిని అడిగేవారుండరు. ఆమె నోరు విప్పితే ‘భర్తకు ఎదురు చెప్పడం ధర్మం కాదు’ అంటారు. ఇది నిజంగా షరీఅత్ చెప్పిన మాటేనా? పరిశీలిద్దాం.

పాలు మాన్పించడానికే సంప్రదింపు

దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 233వ ఆయతు పాలిచ్చే గడువును పూర్తి రెండు సంవత్సరాలుగా పేర్కొంది. అంతకు ముందే మాన్పించదలిస్తే తల్లీతండ్రీ ఇద్దరూ సమ్మతించి, పరస్పరం సంప్రదించుకోవాలని తెలిపింది. బిడ్డ మూలంగా తల్లిని బాధపెట్టరాదని కూడా అదే ఆయతు హెచ్చరించింది. పాలు మాన్పించే విషయంలోనే తల్లి సమ్మతి కావాలంటే, నెలల తరబడి మోసి, ప్రాణాలకు తెగించి కనే విషయంలో ఆమె అభిప్రాయం అక్కరలేదనడం ఎలా సబబవుతుంది?

ధర్మవేత్తల మాట

గర్భం నిలవకుండా వీర్యాన్ని బయట విడవడాన్ని ‘అజ్ల్’ అంటారు. ఖుర్ఆన్ అవతరిస్తున్న కాలంలో సహాబాలు దీన్ని పాటించేవారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. అయితే భార్య అనుమతి లేనిదే భర్త అజ్ల్ చేయరాదని హనఫీ, మాలికీ, హంబలీ ధర్మవేత్తలలో అధికులు అన్నారు. కారణం? సంతానంలో ఆమెకూ హక్కుంది, దాంపత్య సుఖంలోనూ ఆమెకు హక్కుంది. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ, ప్రసవంలో భార్య ప్రాణానికి ముప్పు కలుగుతుందన్న భయాన్ని అజ్ల్‌కు తగిన కారణంగానే ఎంచారు.

ఇక గర్భస్రావం, శాశ్వత ఆపరేషన్ వేరే మస్అలాలు. వాటి విషయంలో ఆలిమ్‌నూ, డాక్టరునూ ఇద్దరినీ సంప్రదించాలి.

శరీరం అమానతు

తల్లి బలహీనతపై బలహీనతను భరిస్తూ బిడ్డను మోస్తుందని లుఖ్మాన్ సూరా 14వ ఆయతు గుర్తుచేస్తుంది. గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ ఉపవాసాల్లో సడలింపు ఉందంటే ఆమె శక్తిని ధర్మం లెక్కలోకి తీసుకుందన్న మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాన్పు తర్వాత మళ్ళీ గర్భం కోసం ప్రయత్నించే ముందు కనీసం 24 నెలలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇస్తోంది. ‘నాకు నీరసంగా ఉంది, కొంతకాలం ఆగుదాం’ అని భార్య అంటే అది అవిధేయత కాదు. అల్లాహ్ ఇచ్చిన అమానతును కాపాడుకునే ప్రయత్నం.

సిగ్గు అడ్డు రాకూడదు

ధర్మజ్ఞానం నేర్చుకోవడానికి సిగ్గును అడ్డురానివ్వని అన్సార్ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. కనుక సోదరీమణులారా! మీ బాధను భర్తకు చెప్పండి, లేడీ డాక్టరును అడగండి. సోదరులారా! ఆమె వెంట మీరూ వెళ్ళండి. మీకేదైనా సుఖవ్యాధి సోకితే దాచకండి, ఇతరులకు హాని కలిగించడాన్ని దైవప్రవక్త (సఅసం) నిషేధించారు. పురుషుడు కుటుంబ బాధ్యుడంటే భార్య నోరు మూయించేవాడని అర్థం కాదు. భార్యలతో ఉత్తమ రీతిలో కాపురం చేయమని అన్నిసా సూరా 19వ ఆయతు ఆదేశిస్తోంది.

ఈ రాత్రే ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ‘నీ ఆరోగ్యం ఎలా ఉంది? నువ్వేమంటావు?’ అని అడగండి. సంప్రదించుకుని నడుచుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.