వలయం చూసి పొంగిపోకు

చిట్టీ,

నువ్వు పంపిన ఫోటోలు రెండూ చూశాను. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద నీ నానో పోగులు ముచ్చటగా ఉన్నాయి, ఎక్కడా పూసలు కట్టలేదు. కైటోసాన్ ఒక్కదాన్నే పోగు తీయడం మహా కష్టం. పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) తోడిచ్చి లొంగదీశావు, భేష్. సూది కొసన ద్రావణం శంఖువుగా సాగి (1964లో జెఫ్రీ టేలర్ లెక్కగట్టింది ఆ శంఖువునే), వేల వోల్టుల లాగుడుకి మెలికలు తిరుగుతూ రేకు మీద పడేలోపే ఆరిపోవాలి. వానాకాలంలో గాలి తేమకి సరిగా ఆరక పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. నోటుబుక్కులో వోల్టేజీ పక్కనే తేమ శాతం కూడా రాస్తూ ఉండు. చాలామంది రాయరు, మార్చిలో వచ్చిన పొర ఆగస్టులో ఎందుకు రాలేదని తర్వాత జుట్టు పీక్కుంటారు.

ఇక రెండో ఫోటో. స్టెఫైలోకాకస్ ప్లేటులో పొర ముక్క చుట్టూ ఖాళీ వలయం, కింద ‘కైటోసాన్ పనిచేసింది’ అని నీ రాత. అక్కడే నాకు అనుమానం. కైటోసాన్‌ది పెద్ద అణువు, అగర్‌లో అంత దూరం పాకలేదు. ఆమ్లంలో దాని అమైన్లకు ధనావేశం వస్తుంది, ఋణావేశమున్న బ్యాక్టీరియా పైపొరను అంటుకుని దెబ్బతీస్తుంది. అంటే ముఖ్యంగా తనను తాకినవాటినే. మరి దూరంగా ఉన్నవాటిని చంపిందెవరు? కైటోసాన్‌ను కరిగించిన ఎసిటిక్ ఆమ్లం పొరలో మిగిలి ఉండొచ్చు. పీవీఏ నీళ్లలో కరగకుండా గ్లుటరాల్డిహైడ్ ఆవిరి పట్టావు కదా, ఆస్పత్రుల్లో పరికరాలను శుద్ధి చేయడానికి వాడే మందు కూడా అదే! అందుకని కైటోసాన్ లేని ఉత్త పీవీఏ పొరను అదే ఆమ్లంతో తీసి, అదే ఆవిరి పట్టి, అన్నే సార్లు కడిగి, ఆ ప్లేటులోనే పక్కన పెట్టు. దాని చుట్టూ కూడా వలయం వస్తే నీ రాత కొట్టేయక తప్పదు.

ఇంకో మాట. ‘99 శాతం చచ్చాయి’ అని రాస్తే పేపర్లో ఘనంగానే కనిపిస్తుంది. పది లక్షల్లో పదివేలు బతికే ఉన్నాయన్నమాట. అనుకూలమైన చోట ఈ-కోలై ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఆ పదివేలూ రెండున్నర గంటల్లో మళ్లీ పది లక్షలు దాటుతాయి. శాతాలు వదిలి లాగ్ తగ్గుదల రాయి, ఎన్ని గంటల తర్వాత లెక్కపెట్టావో కూడా చెప్పు.

మీ గైడుగారు వెండి నానోకణాలు కలపమన్నారని రాశావు. కలుపు, బ్యాక్టీరియా మీద వెండి బాగా పనిచేస్తుంది. కానీ మోతాదు మించితే మన చర్మకణాలనూ వదలదు. నీ పొర వేసేది పుండు మీద, అది మానాలంటే చర్మంలోని ఫైబ్రోబ్లాస్ట్ కణాలు బతకాలి. అందుకే కణాల మీద విషప్రభావ పరీక్షను చివరికి వాయిదా వేయకు, వెండి మోతాదు తేల్చేటప్పుడే చేయించు.

ముందు ఆ ఉత్త పీవీఏ ప్లేటు ఫోటో పంపు. పేపరు డ్రాఫ్టు ఆ తర్వాత చూస్తాను.

ఇట్లు,
పెదనాన్న