ప్రశ్నలు - జవాబులు: ‘డబ్బులు కట్ అయ్యాయి సార్!’

ఈసారి ఉత్తరాల్లో సగం ఫిలింనగర్, కృష్ణానగర్, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు చుట్టుపక్కల నుంచే వచ్చాయి. వెబ్‌సైట్ చేయించుకున్నాం, దానిలో డబ్బు ఎలా తీసుకోవాలి అన్నదే అందరి గొడవ. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు పెట్టి, ఇవాళ ఈ ఒక్క విషయమే మాట్లాడుకుందాం.

ప్ర: కృష్ణానగర్‌లో మాకు కాస్ట్యూమ్స్ అద్దెకిచ్చే షాపు ఉంది. నాన్నగారు పెట్టింది. వెబ్‌సైట్‌లో నా క్యూఆర్ కోడ్ ఫొటో పెట్టాను. కస్టమర్లు డబ్బు పంపి స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేస్తారు. మొన్న ఒకాయన పంపిన స్క్రీన్‌షాట్ దొంగదని సాయంత్రం లెక్క చూసుకుంటే తెలిసింది. అప్పటికే రెండు రాజుల డ్రెస్సులు, కిరీటాలతో సహా వెళ్లిపోయాయి. పేమెంట్ బటన్ పెట్టించాలంటే ఏం చేయాలి? మాకు అద్దె కన్నా డిపాజిట్టే ఎక్కువ ఉంటుంది.

జ: ముందు స్క్రీన్‌షాట్‌ను నమ్మడం ఈరోజే మానేయండి. అది బొమ్మ. రసీదు కాదు. మీ బ్యాంకు మెసేజో, మీ యాప్‌లోని లావాదేవీల పట్టికో చూశాకే సరుకు గుమ్మం దాటాలి. సౌండ్‌బాక్సు పెట్టుకున్నా సరే, షాపులో సందడి ఎక్కువైతే అది చెప్పిన మొత్తం ఎవరూ వినరు.

ఇక బటన్ సంగతి. వెబ్‌సైట్‌లో డబ్బు తీసుకోవడానికి పేమెంట్ అగ్రిగేటర్ అనే మధ్యవర్తి కావాలి, వాడుకలో గేట్‌వే అంటాం. రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ, సీసీఅవెన్యూ అలాంటివి. కస్టమర్ కట్టిన సొమ్ము ముందు వాళ్లు బ్యాంకులో విడిగా ఉంచే ఎస్క్రో ఖాతాలో పడుతుంది, తర్వాత మీకు వస్తుంది. ఈ ఎస్క్రో షరతు రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాల నుంచీ ఉంది. సొమ్ము మీకు చేరడానికి మామూలుగా రెండు పనిదినాలు పడుతుంది. అంటే శుక్రవారం సాయంత్రం వచ్చిన అద్దె మంగళవారం చేతికొస్తుంది. శనివారం దర్జీకి ఇవ్వాల్సిన డబ్బు దీని మీద పెట్టుకోకండి.

మీ అసలు చిక్కు డిపాజిట్. అద్దె 3,000, డిపాజిట్ 20,000 అనుకుందాం. కార్డు మీద ఫీజు 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుందనుకుంటే, అద్దె మీద 70 రూపాయల 80 పైసలు పోతాయి. ఫరవాలేదు. డిపాజిట్ మీద 472 పోతాయి. డ్రెస్సు క్షేమంగా తిరిగొచ్చాక మీరు 20,000 వెనక్కి ఇచ్చేస్తారు కానీ, ఆ 472 సాధారణంగా మీకు తిరిగి రావు. నెలకు పది డిపాజిట్లంటే దాదాపు అయిదు వేలు గాలికి పోయినట్టే. కాబట్టి బటన్‌ను అద్దెకే పెట్టండి. డిపాజిట్‌ను డ్రెస్సు తీసుకెళ్లేటప్పుడు షాపులోనే నేరుగా మీ ఖాతాకు యూపీఐలో వేయించుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడూ అదే నంబరుకు పంపండి. ఇంకో నంబరు చెబితే పంపొద్దు.

ఇంకో మాట, మీ వీధి వ్యవహారం తెలిసినవాడిగా చెబుతున్నాను. సినిమా కంపెనీలు ఈ బటన్ నొక్కవు. ప్రొడక్షన్ మేనేజర్ బిల్లు ఆఫీసుకు పంపమంటాడు, అక్కడ టీడీఎస్ కోసుకుని, షెడ్యూలు అయ్యాకో, ఇంకా తర్వాతో ఇస్తారు. బటన్ నొక్కేవాళ్లు వేరు. స్కూలు వార్షికోత్సవాల టీచర్లు, ప్రీవెడ్డింగ్ షూట్లవాళ్లు, ఫోన్ కెమెరాతో తీసే షార్ట్‌ఫిల్మ్ కుర్రాళ్లు. వెబ్‌సైట్‌ను వాళ్లకు అర్థమయ్యేలా రాయించండి. ఏ డ్రెస్సు ఏ కొలతలో ఉంది, ఎన్నాళ్లకు ఎంత, చిరిగితే ఎంత. ఈ మూడూ స్పష్టంగా లేని చోట డబ్బు కట్టాక తగాదాలు మొదలవుతాయి.

ప్ర: జూబ్లీహిల్స్‌లో పిల్లలకు డాన్సు క్లాసులు చెబుతాను. నెలనెలా ఫీజు అడగాలంటే మొహమాటం. వెబ్‌సైట్‌లోనే దానంతటదే కట్ అయ్యేలా చేయవచ్చా? గేట్‌వే ఫీజును ‘కన్వీనియన్స్ ఫీజు’ అని తల్లిదండ్రుల మీద వేయవచ్చా?

జ: దానంతటదే కట్ అయ్యే ఏర్పాటుంది అమ్మా. యూపీఐ ఆటోపే 2020 నుంచి ఉంది, కార్డుల మీదా ఈ-మ్యాండేట్ ఉంది. తల్లి లేదా తండ్రి ఒక్కసారి అనుమతి ఇస్తే చాలు. మామూలు చెల్లింపుల్లో 15,000 రూపాయల వరకు ఆ తర్వాత ప్రతి నెలా ఓటీపీ, పిన్ అడగదు. అయితే కట్ కావడానికి కనీసం 24 గంటల ముందు వాళ్లకు సమాచారం వెళ్లాలి, వద్దనుకుంటే ఆపుకొనే వీలుండాలి. మీ మొహమాటం తీరుతుంది. కానీ వేసవి సెలవుల్లో క్లాసులు లేని నెల ఆపడం మర్చిపోతే, మరుసటి రోజు పొద్దున్నే ఫోన్లు మోగుతాయి.

రెండో ప్రశ్నకు నా సలహా, వద్దు. యూపీఐ, రూపే డెబిట్ కార్డుల మీద వ్యాపారి నుంచి తీసుకునే రుసుమును (ఎండీఆర్) 2020 జనవరి 1 నుంచి కేంద్రం సున్నా చేసింది. మీకు లేని ఖర్చును తల్లిదండ్రుల మీద వేస్తే అది వేరే సంపాదన అవుతుంది. అయితే గేట్‌వే కంపెనీలు సాఫ్ట్‌వేర్ సేవకు ప్లాట్‌ఫాం ఫీజు అని తీసుకోవచ్చు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జతచేసి కట్టినప్పుడూ ఫీజు పడొచ్చు. అగ్రిమెంటులో ఈ మూడు గళ్లూ విడివిడిగా చదవండి. ఆ కాస్తా మీ ఫీజులోనే కలుపుకోండి. సినిమా టిక్కెట్టు కొన్నప్పుడల్లా ఆ అదనపు గీత చూసి మనమెంత తిట్టుకుంటామో గుర్తు చేసుకుంటే చాలు.

టిక్కెట్ల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ సినిమా టిక్కెట్లను ప్రభుత్వ పోర్టల్ ద్వారా అమ్మేలా చట్ట సవరణ చేసింది. మరుసటి ఏడాది థియేటర్లవాళ్లు ఒప్పందం మీద సంతకం పెట్టడానికి వెనకాడారు. వాళ్ల భయాల్లో ముఖ్యమైనది కలెక్షన్ సొమ్ము ముందు ఎవరి ఖాతాలోకి వెళ్తుంది, మాకు ఎప్పుడు వస్తుంది అన్నది. 2022 జులైలో హైకోర్టు ఆ విధానం అమలును నిలిపేసింది. రాజకీయం పక్కన పెట్టండి. వేల కోట్ల వ్యాపారంలో తలపండినవాళ్లు అడిగిన ఆ ప్రశ్ననే, పిల్లలకు డాన్సు చెప్పే మీరూ ఏ గేట్‌వేనైనా మొదట అడగాలి.

ప్ర: ఫిలింనగర్‌లో చిన్న డబ్బింగ్ స్టూడియో మాది. గేట్‌వేకి దరఖాస్తు చేస్తే రెండుసార్లు తిప్పి పంపారు. కారణం సరిగా చెప్పరు. రికమండేషన్ ఏమైనా కావాలా?

జ: సినిమా అవకాశాలకు కావాలేమో కానీ దీనికి అక్కర్లేదు. నేను చూసినంతలో తిరస్కరణల్లో ఎక్కువ భాగం పేర్ల దగ్గరే. బోర్డు మీద ఒక పేరు, పాన్ కార్డులో మీ పేరు, బ్యాంకు ఖాతా మీ శ్రీమతి పేరు, వెబ్‌సైట్ డొమైన్ తమ్ముడి పేరు. అటువైపు చూసేవాడికి నలుగురు మనుషులు కనిపిస్తారు, వ్యాపారం కనిపించదు. స్టూడియో పేరుతో కరెంటు ఖాతా తెరవండి. చిన్న సంస్థలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించండి, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అది ఉచితం. చేసిపెడతామని డబ్బడిగే ఏజెంట్ల దగ్గరికి పోకండి. జీఎస్టీ ఉంటే ఆ పత్రం జతచేయండి.

తర్వాత మీ వెబ్‌సైట్‌ను కొత్తవాడి కళ్లతో చూడండి. చిరునామా, ఫోన్ నంబరు, ధరలు, రద్దు చేస్తే డబ్బు ఎన్నాళ్లకు వెనక్కి ఇస్తారు, కస్టమర్ వివరాలను ఏం చేస్తారు అన్నవి ఉండాలి. ‘ధరలకు సంప్రదించండి’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఏం అమ్ముతున్నారో వాళ్లకు తెలియదు. గంటకు ఇంత, మిక్సింగ్‌కు ఇంత అని రాయండి.

ఒక్క గేట్‌వే మీదే బతుకు పెట్టుకోకండి. 2022 డిసెంబరులో రిజర్వు బ్యాంకు రేజర్‌పే, క్యాష్‌ఫ్రీలను కొత్త వ్యాపారులను చేర్చుకోవద్దని ఆపింది. ఏడాది తర్వాత తుది అనుమతి వచ్చాక మళ్లీ తలుపులు తెరుచుకున్నాయి. పాతవాళ్లకు ఇబ్బంది లేదు కానీ ఆ ఏడాది కొత్తగా వెళ్లినవాళ్లు వేరే దారి వెతుక్కున్నారు. అనుమతి ఉన్న సంస్థల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటుంది, చూసుకుని వెళ్లండి.

ప్ర: మేం కూచిపూడి డ్రెస్సులు, ఆలయ నగలు కుట్టించి, చేయించి అమ్ముతాం. అమెరికా తెలుగువాళ్లు అడుగుతున్నారు. అక్కడి కార్డులు మా వెబ్‌సైట్‌లో పనిచేయడం లేదు.

జ: మామూలుగా గేట్‌వే ఖాతాలో విదేశీ కార్డులు మూసి ఉంటాయి. విడిగా అడిగి తెరిపించుకోవాలి. ఫీజు ఎక్కువ, చాలాచోట్ల 3 శాతం చుట్టూ ఉంటుంది. పేపాల్ మన దేశంలో లోపలి చెల్లింపులు 2021 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది కానీ, విదేశాల నుంచి మీకు వచ్చే డబ్బుకు ఇప్పటికీ పనికొస్తుంది. అమెరికా, బ్రిటన్, సింగపూర్, యూఏఈ వంటి కొన్ని దేశాల నంబరుతోనే ఎన్‌ఆర్‌ఐలు తమ ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు యూపీఐ పెట్టుకోవచ్చు. మీ కస్టమర్‌కు ఇక్కడ అలాంటి ఖాతా ఉంటే అన్నిటికన్నా అదే తేలిక.

సరుకు పంపాలంటే డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) ఇచ్చే ఐఈసీ అనే ఎగుమతి-దిగుమతి కోడ్ తీసుకోండి. డాలర్లు వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం ప్రతిదీ దాచండి, ఆడిటర్ అడుగుతాడు.

దీనిలో ప్రమాదం వేరే చోట ఉంది. మన కార్డులకు మామూలుగా ఓటీపీ అడుగుతారు. అక్కడ చాలా కార్డులకు ఓటీపీ లేకుండానే చెల్లింపు జరిగిపోతుంది. దొంగ కార్డుతో ఎవరైనా కొంటే, అసలు యజమాని రెండు నెలల తర్వాత బ్యాంకుకు ఫిర్యాదు చేస్తాడు. దాన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. డబ్బు మీ ఖాతా నుంచి వెనక్కి పోతుంది, డ్రెస్సు న్యూజెర్సీలో ఉంటుంది. కొలతలు అడిగిన వాట్సాప్ సంభాషణ, కొరియర్ ట్రాకింగ్, అందినట్టు సంతకం ఉంచుకోండి. అవే మీ సాక్ష్యం. ఎన్నడూ ఫోన్ చేయనివాడు కొలతలు కూడా చెప్పకుండా, పది వడ్డాణాలు ఒకేసారి, రేపే కావాలంటే సంతోషపడే ముందు ఓ వీడియో కాల్ చేయండి. నిజంగా నాట్యం నేర్పే అమ్మ అయితే, మీరు చేయకముందే తను నాలుగుసార్లు చేసి ఉంటుంది.

ప్ర: మా వెబ్‌సైట్‌లో ‘డబ్బులు కట్ అయ్యాయి సార్, ఆర్డర్ రాలేదు’ అని వారానికి ఇద్దరు ముగ్గురు ఫోన్ చేస్తున్నారు. వెబ్‌సైట్ చేసిన కుర్రాడు ఫోన్ ఎత్తడం లేదు. (యూసుఫ్‌గూడ నుంచి కెమెరా, లెన్సులు అద్దెకిచ్చే పాఠకుడు)

జ: మీ కుర్రాడు ఏం చేసి ఉంటాడో ఊహించగలను. డబ్బు కట్టాక కస్టమర్ ఫోన్ మళ్లీ మీ పేజీకి తిరిగొస్తేనే ఆర్డర్ నమోదయ్యేలా రాసి ఉంటాడు. కస్టమర్ యూపీఐ యాప్‌లోకి వెళ్లాడు, పిన్ కొట్టాడు, అప్పుడే కాల్ వచ్చింది, మీ పేజీకి తిరిగి రాలేదు. డబ్బు వెళ్లింది, కబురు చేరలేదు. దీనికి మందు వెబ్‌హుక్. గేట్‌వే సర్వరే నేరుగా మీ సర్వరుకు ‘ఫలానా ఆర్డరుకు డబ్బు పడింది’ అని చెబుతుంది. కస్టమర్ ఫోన్ మధ్యలో ఆరిపోయినా నష్టం లేదు. ఆ కబురు నిజంగా గేట్‌వే నుంచే వచ్చిందో లేదో సంతకం సరిచూడాలని కూడా చెప్పండి, లేకపోతే ఎవడైనా ‘డబ్బు పడింది’ అని మీ సర్వరుకు అబద్ధం చెప్పగలడు. ఇది దొంగ స్క్రీన్‌షాట్‌కు అన్నయ్య.

అన్ని ఫిర్యాదులూ దీనివల్లే కావు. కొన్నిసార్లు డబ్బు బ్యాంకుల మధ్యలోనే ఆగుతుంది. వ్యాపారికి చేసిన యూపీఐ చెల్లింపులో ఖాతా నుంచి డబ్బు పోయి మీకు ఖాయం కాకపోతే, అయిదు రోజుల్లోగా దానంతటదే వెనక్కి వెళ్లాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ఇది. ఫోన్ చేసినవాళ్లను లావాదేవీ నంబరు అడిగి, గేట్‌వే డ్యాష్‌బోర్డులో చూసి, ‘మా దగ్గర ఉంది’ లేదా ‘మీ బ్యాంకు దగ్గరే ఉంది’ అని స్పష్టంగా చెప్పండి. జనం డబ్బు ఆలస్యమైతే ఓర్చుకుంటారు, ‘చూస్తాం సార్’ అంటే ఓర్చుకోరు.

కొత్త కుర్రాడిని పెట్టుకున్నప్పుడు గేట్‌వే ఖాతా లాగిన్, డొమైన్ లాగిన్ మీ పేరుతో, మీ ఫోన్ నంబరుతో ఉండాలి. పాతవాడు ఫోన్ ఎత్తకపోయినా మీ షాపు తాళం మీ దగ్గరే ఉంటుంది.

ప్ర: మేం ఆరుగురం, ఫీచర్ ఫిల్మ్ తీయాలని ఉంది. వెబ్‌సైట్‌లో పేమెంట్ పెట్టి, వెయ్యి రూపాయలు వేసినవాళ్లకు లాభాల్లో వాటా ఇస్తామని రాయవచ్చా?

జ: టీషర్టు, టైటిల్స్‌లో పేరు, ముందస్తు ప్రదర్శనకు పిలుపు. ఇవి రాయండి. లాభం, వాటా, వడ్డీ, తిరిగి ఇస్తాం అన్న మాటలు మాత్రం రాయొద్దు. జనం దగ్గర అలా సొమ్ము తీసుకోవడం పెట్టుబడి సేకరణ కిందికో, 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం కిందికో పోవచ్చు. వాటా ఇవ్వాలని నిజంగా ఉంటే లాయరు, ఆడిటర్ ముందు కూర్చోండి, తెలిసినవాళ్లతో కాగితం మీద రాసుకోండి. గేట్‌వేలో అబద్ధం చెప్పి ‘టీషర్టుల అమ్మకం’ అని చేరినా, వాళ్లకు అనుమానం వచ్చిన రోజు సొమ్ము ఆగుతుంది. షూటింగ్ మధ్యలో.

ప్ర: ‘గేట్‌వే ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ సెటిల్‌మెంట్ ఆగింది, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొడితే పడుతుంది’ అన్నారు. కొట్టాను. 18,000 పోయాయి.

జ: డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పోవడానికే కావాలి. ఈ పేజీ చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తర్వాత మీ బ్యాంకుకు.