ఊరు వదలాలా, రోజూ తిరగాలా?

ప్రశ్న: మాది రాప్తాడు దగ్గర పల్లె. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీకి విడిభాగాలిచ్చే కంపెనీలో పని. హైవే దాకా బండి మీద వచ్చి కంపెనీ బస్సు ఎక్కుతాను. రానూపోనూ మూడు గంటలు పోతాయి. నైట్ షిఫ్ట్ వారంలో నిద్ర చాలదు. పెనుకొండలో ఇల్లు చూసుకోమని తోటివాళ్లంటారు. ఊళ్లో అమ్మానాయన, ఐదెకరాల చెనిక్కాయ చేను, ఒక బోరు ఉన్నాయి. నేను వెళ్తే చేను బీడు పడుతుందని భయం. నా భార్య, మూడేళ్ల పాప ఊళ్లోనే ఉంటారు. ఏం చేయమంటారు?

– ఒక పాఠకుడు

జవాబు: మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఊరు వదలడమంటే చాలామందికి తీరిగ్గా ఆలోచించి చేసిన పని కాదు. వాన తప్పింది, బోరు ఎండింది, అప్పు మిగిలింది. ఇంటికి తాళం వేసి బెంగళూరుకో కేరళకో వలస పోయారు. 2019లో ఎర్రమంచిలో కార్ల తయారీ మొదలయ్యాక మీలాంటివాళ్లకు పని గంటన్నర దూరానికి వచ్చింది. ఉండాలా, వెళ్లాలా అని ఆలోచించుకునే వీలు మీకు చిక్కింది. తొందరపడి దాన్ని పోగొట్టుకోకండి.

ఈ ఏడాదికి మకాం మార్చొద్దు. కానీ నైట్ షిఫ్ట్ వారాల్లో ఇంటికి రావద్దు. ఇద్దరు ముగ్గురు తోటివాళ్లతో కలిసి పెనుకొండలో ఒక గది తీసుకోండి. అద్దె పంచుకుంటే భారం కాదు. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది దూరం కాదు, నిద్రలేని కళ్లతో తెల్లవారుజామున మీరు నడిపే ఆ బండి. హిందూపురం నుంచి బెంగళూరుకు రోజూ పనికి పోయొచ్చేవాళ్లు రైల్లో కునుకు తీస్తారు. మీరూ బస్సులో తీయొచ్చు. బండి మీద ఒక్క రెప్పపాటు చాలు.

ఇక చేను. వర్షాధారపు చెనిక్కాయకు జూన్, జూలైలో విత్తు పడితే అక్టోబరు, నవంబరులో పీకుడు. ఏడాది పొడుగునా మిమ్మల్ని కట్టిపడేసే పంట కాదు. విత్తడానికి, కలుపుకు, పీకుడుకు సెలవులు దాచుకోండి, మిగతాది నాయన చూసుకుంటారు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది, అదీ అదనుకు పడుతుందన్న నమ్మకం లేదు. అప్పు చేయకుండా విత్తనం కొనగలుగుతున్నారంటే అది మీ జీతం వల్లే. ఆ జీతాన్ని మాత్రం కొత్త బోర్లలో పోయకండి. ఇక్కడ ఎన్ని ఇళ్లు అలా చితికిపోయాయో మీకు చెప్పక్కర్లేదు.

ఇంత రాశారు, మీ భార్య ఏమంటున్నారో ఒక్క మాటా రాయలేదు. మీరు దారిలో ఉన్నంతసేపూ పాపను, పెద్దవాళ్లను చూసుకుంటున్నది ఆమే. ఆమెకు పెనుకొండ వెళ్లాలని ఉంటే, నేను పైన చెప్పింది పక్కన పెట్టి మళ్లీ లెక్క వేసుకోండి. ఎలాగూ పాపను బడిలో వేసే లోపు ఒక నిర్ణయానికి రావాలి, చేర్చాక బడి మార్పించడం కష్టం. ఈ వారం సెలవు రోజున ఆమెను అడగండి. అమ్మానాయనల ముందు కాదు, విడిగా.