చేనిగట్టు చెట్టు రాత్రివేళ చేయు పని

చిలకలూరిపేట మొదలు పర్చూరు వరకు వ్యాపించిన నల్లరేగడి మైదానమున, కాలువనీరు అందని మెట్టచేలను ఫాల్గుణమాసములో చూచినచో ఒక వింత కనుపించును. ప్రత్తి కంపగా ఎండినది. మిరపకోతలు ముగియవచ్చినవి. నేల నెఱ్ఱెలు విచ్చినది. గట్టుమీది నల్లతుమ్మ మాత్రము పచ్చగా నున్నది. వేప అప్పుడే చిగురించుచున్నది. కార్తీకము దాటిన పిమ్మట చెప్పుకొనదగిన వాన లేదు గదా, ఈ చెట్లకు నీరెక్కడిది?

మిరపవేళ్లలో అధికభాగము పైనున్న అడుగు రెండడుగుల మంటిలోనే యుండును. రేగడిమన్ను తడిని గట్టిగా పట్టుకొను గుణము కలది. అందువలన కొంత తడి మిగిలియున్నను పైరునకు దక్కదు. చెట్టు అంతతో ఆగక నిలువువేరును క్రిందికి పంపును. మన బీళ్ల నాక్రమించిన సర్కారుతుమ్మకు దగ్గరి జాతి చెట్టువేళ్లు అమెరికాలోని అరిజోనాలో ఒక గనిని త్రవ్వునపుడు 53 మీటర్ల లోతున కనబడినట్లు 1963లో ప్రకటించిరి. అన్ని చెట్లకును అంత లోతు పోదు. అడుగున ఱాయి తగిలినచో వేరు ప్రక్కకు తిరుగును.

పగలు ఆకుల సూక్ష్మరంధ్రములు తెఱచుకొని ఆవిరిని విడుచుచుండగా, ఆ లాగుడునకు నీరు వేళ్లనుండి పైకెక్కును. రాత్రి ఆ రంధ్రములు చాలవఱకు మూసికొనును, లాగుడు తగ్గును. అప్పుడు లోతున తడిలో నున్న వేళ్లు నీరు తీసికొనగా, అది పైనున్న ప్రక్కవేళ్లకు చేరి, చుట్టునున్న పొడిమంటిలోనికి కొంత ఊరును. తడినుండి పొడికి సాగు ప్రవాహమే ఇది. చెట్టు దీనికై పనిగట్టుకొని శ్రమపడదు. అమెరికాలోని యూటా రాష్ట్రపు ఎడారిపొదలలో దీనిని 1987లో వివరించిరి. వాన కురిసి పైనేల తడిసినపుడు అదే వేరుదారిన నీరు క్రిందికి దిగుటయు కలదు.

ఇక మన రైతుసోదరుల ఫిర్యాదు. “గట్టుప్రక్క నాలుగు సాళ్లు ఎన్నడును పండవు” అని చెట్టును గొడ్డలికి అప్పగింతురు. ఫిర్యాదు అబద్ధము కాదు. ఆఫ్రికాలోని సెనెగల్ దేశమున స్థానికపు పొదలు పైకి తెచ్చిన నీరు ప్రక్కనున్న సజ్జపైరునకు చేరినట్లు 2018లో నిరూపించిరి. కాని టాంజానియాలో ఒక తుమ్మజాతి చెట్టు విషయమున 2004లో వెలువడిన పరిశోధన వేఱుగా తేల్చినది: చెట్టు రాత్రి విడిచిన నీటికంటె పైనేలనుండి త్రాగిన నీరే ఎక్కువ, కందకము త్రవ్వి వేళ్లను అడ్డగించిన చోట నేలలో తడి పెరిగినది. ఇచ్చునది పొద, దోచునది తుమ్మ యని దీనినిబట్టి తీర్పు చెప్పరాదు. నేల, వాన, పైరు అన్నియు లెక్కలోనివే.

మా దృష్టిలో మెట్టరైతునకు కందకమే గొడ్డలికంటె మేలు. గట్టునకును చేనికిని నడుమ, మొదలునకు మరీ చేరువగాక, రెండు మూడడుగుల లోతున త్రవ్వినచో చేనిలోనికి వచ్చు ప్రక్కవేళ్లు తెగును, నిలువువేరు నిలుచును. ఒక వంకనే త్రవ్వవలెను, చుట్టును త్రవ్వినచో గాలివానకు చెట్టు ఒరుగును. రేగడి త్వరగా పూడును గనుక రెండు మూడేండ్లకొకసారి మరల తీయవలసియుండును. జామాయిల్, సుబాబుల్ తోటల ప్రక్కన మిరప వేయువారికి ఈ కందకము మఱింత అవసరము. వేసవిదుక్కికి ముందు త్రవ్వుట మంచిది. అప్పుడు తెగిన వేళ్లను చూచి, చెట్టు ఏ వంక ఎంతదూరము చేనిలోనికి వచ్చినదో కొలుచుకొనవచ్చును.