గని క్వార్టర్సు చుట్టూ ప్రహరీ కట్టొచ్చా?

ప్రశ్న: నాన్న కోలార్ బంగారు గనిలో (కేజీఎఫ్) పనిచేసినప్పటి క్వార్టర్సులోనే ఉంటున్నాం. చుట్టూ గోడ కట్టడానికి ఎవరి అనుమతి కావాలి?
– ఒక పాఠకురాలు, చాంపియన్ రీఫ్స్

జవాబు: అమ్మా, ముందు ఆ నేల ఎవరిదో తేల్చుకోండి. గని నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ కంపెనీ 2001 ఫిబ్రవరి 28న తవ్వకం ఆపేసింది. అంతమాత్రాన కాలనీల స్థలం అందులో ఉన్నవాళ్లది అయిపోలేదు. మీ పేరున రిజిస్టరు పత్రం, నగరసభలో ఆస్తి ఖాతా లేకుంటే ఇటుక గోడ జోలికి పోకండి. కంపెనీ రాతపూర్వక సమ్మతి తీసుకుని, విప్పి తీయగల ముళ్లకంచెతో ఆగండి. మీ నాన్నగారి కష్టార్జితం కూల్చివేతల పాలు కాకూడదు.

ఖాతా ఉంటే, పునాది తవ్వకముందే నక్షాతో రాబర్ట్‌సన్‌పేట నగరసభకు దరఖాస్తు చేయండి. పొరుగువాళ్ల ఎదుటే కొలతలు వేయించండి. గోడే కాదు, నేలలోపలి పునాది కూడా మీ హద్దు దాటకూడదు. వాననీటికి దారి వదలండి. గని వ్యర్థాల సైనైడ్ దిబ్బల పక్కనైతే ఇంజనీరుకు నేల చూపించకుండా బరువైన గోడ వద్దు.

ఊరి బయట సర్వే నంబరు భూమి ఉన్నవాళ్లు హద్దులు కొలిచి గుర్తించమని తాలూకా సర్వే శాఖకు 'హద్దుబస్తు' అర్జీ పెట్టుకోవాలి. కామసముద్రం వైపు భూములకు ఏనుగుల భయం నిజమే. అయినా ఇంటి కరెంటును కంచెకు కలపడం నేరం, ప్రాణాంతకం.