బస్సు ఊళ్లోకి రాకముందే

ప్రశ్న: మాది తిరుచానూరు పక్కన పల్లె. డ్వాక్రా సంఘం లీడర్ని. మా ఊరికి క్యాన్సర్ పరీక్షల బస్సు వచ్చింది. బీపీ, షుగర్ చూపించుకోవడానికి అందరూ వరసలో నిలబడ్డారు. గర్భసంచి పరీక్ష అనేసరికి ఒక్కొక్కరే ఇంటిదారి పట్టారు. ఆశా కార్యకర్త ఎంత బతిమాలినా వినలేదు. మేమేం చెయ్యాలి డాక్టరమ్మా?
– ఒక సోదరి, తిరుపతి రూరల్

జవాబు: వాళ్లది నిర్లక్ష్యం కాదమ్మా, భయం. అందులో పెద్దది గర్భసంచి తీసేస్తారేమోనన్న భయం. అది ఊరికే పుట్టలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం దేశంలోకెల్లా మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ. 15-49 ఏళ్ల వారిలో దేశం మొత్తమ్మీద 3 శాతమైతే, మన దగ్గర 9 శాతం దాకా ఉంది. తెల్లబట్ట అవుతోందని ఆస్పత్రికి వెళ్లి, సంచి తీయించుకుని వచ్చిన అక్కనో వదిననో చూసినవాళ్లు భయపడకుండా ఎలా ఉంటారు?

అందుకే మొదట చెప్పాల్సింది ఈ మాట: ఈ పరీక్షలో కోసేదీ లేదు, తీసేదీ లేదు. పలచని అసెటిక్ యాసిడ్‌ను, అంటే వెనిగర్ లాంటిదాన్ని, దూదితో గర్భసంచి ముఖద్వారానికి అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. తెల్లటి మచ్చ తేలితే తర్వాతి పరీక్షకు పంపుతారు. 30 నుంచి 65 ఏళ్ల వాళ్లకు ఐదేళ్లకోసారి చేయాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. ముట్టు రోజుల్లోనూ, కడుపుతో ఉన్నప్పుడూ చేయరు. ముట్టు పూర్తిగా ఆగిపోయినవాళ్లలో ఇలా కంటితో చూసి తేల్చడం కష్టం, వాళ్లకు గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌ను తెచ్చే వైరస్‌ను పట్టిచ్చే హెచ్‌పీవీ పరీక్ష మేలు.

పరీక్ష ఇంత చిన్నదైనా ఫలితం పెద్దది. తమిళనాడులోని దిండిగల్ జిల్లా పల్లెల్లో 2000 తర్వాత శిక్షణ పొందిన నర్సులే ఈ పరీక్ష చేశారు. అవసరమైన చాలామందికి అక్కడికక్కడే చికిత్స కూడా చేశారు. ఏడేళ్లు గమనిస్తే, పరీక్షలు జరిగిన ఊళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయి. చికిత్స వెంటనే అందబట్టే అంత మేలు జరిగింది. పరీక్ష చేసి, మచ్చ ఉందని చెప్పి, మళ్లీ పలకరించకపోతే ఆమెకు మిగిలేది దిగులే.

ఇక మీరు చేయాల్సింది బస్సు రాకముందే మొదలవుతుంది. సంఘం మీటింగులో తేదీ, చోటు మీరే అనుకుని ఏఎన్ఎంకు చెప్పండి. తిరుచానూరు చుట్టుపక్కల శుక్రవారం పెట్టకండి, కార్తీక బ్రహ్మోత్సవాల రోజులు అసలే వద్దు. ఆ రోజుల్లో గుడి పనుల్లో, పూలు కట్టడంలో, కొట్లలో ఉండే ఆడవాళ్లకు ఊపిరి సలపదు. పరీక్ష చేసేది ఆడవాళ్లే అయ్యేట్టు ముందే మాట తీసుకోండి. బస్సును రచ్చబండ దగ్గర ఆపొద్దు, బడిలో గానీ విలేజ్ హెల్త్ క్లినిక్‌లో గానీ చాటున్న గది చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, లీడర్లుగా మీరు ముందు చేయించుకోండి. చేయించుకున్న ఆడమనిషి పక్కింట్లో కూర్చుని "ఏమీ కాలేదక్కా" అంటే, నేను గంట ప్రసంగించినా రాని నమ్మకం కుదురుతుంది.

అప్పటికీ సిగ్గుపడేవాళ్లుంటే, హెచ్‌పీవీ పరీక్షకు నమూనాను ఎవరికి వాళ్లే చిన్న బ్రష్‌తో తీసి ఇవ్వవచ్చు. హైదరాబాద్ పక్కన మేడ్చల్ పల్లెల్లో మన తెలుగు ఆడవాళ్లు ఇలా తీసిన నమూనాల ఫలితాలు, డాక్టర్లు తీసినవాటితో చాలావరకు సరిపోయాయి. వచ్చే బృందాన్ని ఈ సదుపాయం ఉందా అని అడగండి.

ఒప్పుకోనివాళ్లను మాత్రం బలవంతపెట్టకండి. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు చాలామంది తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. టీకా వేయించుకున్నాక చనిపోయిన కొందరు పిల్లల మరణాలకు టీకా కారణం కాదని తర్వాత విచారణలో తేలినా, పోయిన నమ్మకం తిరిగి రాలేదు. మంచి పనైనా మనిషిని అడిగే చేయాలి.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. పరీక్షలో హెచ్‌పీవీ పాజిటివ్ అన్నారు. ఆ సంగతి ఊరంతా తెలిసిపోయింది. మా ఆయన అనుమానంగా మాట్లాడుతున్నాడు. గర్భసంచి తీయించేసుకోమని అత్తమ్మ అంటోంది. నాకు క్యాన్సర్ వచ్చినట్టేనా?
– పేరు రాయలేదు

జవాబు: రాలేదు తల్లీ. పాజిటివ్ అంటే వైరస్ ఉందని మాత్రమే. దాంపత్య జీవితంలో ఉన్న ఆడామగా దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది, చాలామందిలో రెండేళ్లలోపే పోతుంది. కొందరిలో ఏళ్లతరబడి కిమ్మనకుండా ఉంటుంది. కాబట్టి ఎప్పుడు వచ్చింది, ఎవరి నుంచి వచ్చింది అన్నది ఏ డాక్టరూ చెప్పలేరు. దీన్నిబట్టి మీ నడవడిని శంకించడం అన్యాయం. ఈ పేరా మీ ఆయనతో చదివించండి.

వైరస్ ఉన్నందుకు గర్భసంచి తీయించుకోనక్కర్లేదు. కాల్పోస్కోపీ చేయించుకోండి. ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చూస్తారు. క్యాన్సర్‌కు ముందరి మార్పులుంటే ఆ చోటు వరకే నయం చేస్తారు. అవి క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15-20 ఏళ్లు పడుతుంది, ఇప్పుడే పట్టుకుంటే పూర్తిగా ఆపవచ్చు. మీది తిరుపతి చుట్టుపక్కలైతే స్విమ్స్ ఆస్పత్రి దగ్గర్లోనే ఉంది, అలిపిరి దగ్గర 2022లో మొదలైన టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆస్పత్రీ ఉంది.

మీ రిపోర్టు ఊళ్లో నలుగురి నోళ్లలో పడటం పెద్ద తప్పు. ఆశా, ఏఎన్ఎం, సంఘం లీడర్లు చదువుతుంటే వాళ్లకు నా మనవి: ఫలితం ఆమెకొక్కదానికే, విడిగా, చేతికివ్వండి. పాజిటివ్ వచ్చినామె పెద్దాస్పత్రికి వెళ్లే రోజున మీలో ఒకరు తోడు వెళ్లండి.