జమైకా సూపుకి చింతపల్లి రాజ్మా

ప్రశ్న: మా వారు సరుకు ఓడలో పని చేస్తారు. జమైకాలోని కింగ్‌స్టన్ రేవులో తాగిన ఎర్ర గింజల సూపు గురించి ఫోన్ చేసినప్పుడల్లా చెబుతారు. వచ్చే నెల సెలవుకి ఇంటికొస్తున్నారు. ఈలోపు ఒకసారి చేసి చూస్తే రాజ్మా గట్టిగానే ఉండిపోయింది, రుచేమో పప్పుచారులా వచ్చింది. కాస్త చింతపండు వేశాను. తప్పెక్కడ జరిగింది? అక్కడి దినుసులు ఇక్కడ దొరుకుతాయా?
- ఒక గృహిణి, మధురవాడ

జవాబు: చింతపండు దగ్గరేనమ్మా. పులుపు తగిలితే గింజ ఓ పట్టాన మెత్తబడదు. టమాటా కూడా వద్దు.

జమైకాలో దీన్ని 'రెడ్ పీస్ సూప్' అంటారు. పేరులో బఠాణీ ఉన్నా వేసేది ఎర్ర రాజ్మానే. దానికోసం దూరం వెళ్లక్కర్లేదు, మన చింతపల్లి, జి.కె.వీధి కొండల్లో గిరిజన రైతులు పండిస్తున్నారు. కొత్త పంటేనా అని అడిగి కొనండి. ఏళ్ల తరబడి నిలవున్న గింజ ఎంతసేపు ఉడికించినా రాయే.

నలుగురికి పావు కిలో చాలు. రాత్రి నానబెట్టి, పొద్దున ఆ నీళ్లు పారబోయండి. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. సరిగా ఉడకని నాలుగైదు గింజలు తిన్నా వాంతులు పట్టుకోవచ్చు. అందుకే కొత్త నీళ్లలో 10 నిమిషాలు కుతకుతలాడనిచ్చి, అప్పుడు కుక్కర్ మూత పెట్టండి. వేళ్ల మధ్య నొక్కితే వెన్నలా నలగాలి. అంతవరకూ తొందరపడకండి.

ఉడికాక ఓ గరిటెడు గింజలు మెదిపి అందులోనే కలిపితే సూపు చిక్కబడుతుంది. ఉల్లికాడలు, వెల్లుల్లి, చిలగడదుంప, పెండలం ముక్కలు వేసి రెండోసారి తీసిన కొబ్బరిపాలు పోయండి. కంద జోలికి పోకండి, చింతపండు లేనిదే దాని దురద పోదు. అక్కడివాళ్లు వేసే యామ్ కూడా పెండలం జాతిదే. చిక్కటి మొదటి పాలు దించే ముందు పోస్తే చాలు.

అక్కడి ఆల్‌స్పైస్‌లో లవంగం, దాల్చినచెక్క, జాజికాయ మూడింటి వాసనా ఉంటుంది. రెండు లవంగాలు, చిన్న చెక్కముక్క, చిటికెడు జాజికాయ పొడి వేయండి. థైమ్ కోసం సూపర్ మార్కెట్లు తిరగొద్దు. చాలామంది బాల్కనీ కుండీల్లో పెంచే వాము ఆకునే ట్రినిడాడ్ వైపు వెడల్పాకు థైమ్ అని వంటల్లో వాడతారు. మూడు ఆకులు తుంచి వేయండి. పండుమిరపకాయను కోయకుండా, గాటు పెట్టకుండా తొడిమతో సహా వేసి, పగలకముందే తీసేయండి. వాసన దిగుతుంది, మంట దిగదు.

ఇక మీ వారికి ఎక్కువగా గుర్తుండేవి స్పిన్నర్స్ అయ్యుంటాయి. మైదాలో ఉప్పు, నీళ్లు వేసి గట్టిగా కలిపి, వేలెడు పొడవున అరచేతుల మధ్య పాముతారు. వినాయకచవితికి పాలతాలికలు చేసిన చేతికి ఇది నేర్పక్కర్లేదు. మరుగుతున్న సూపులో వేస్తే పావుగంటలో ఉడుకుతాయి.

ప్రశ్న: మాంసం లేకుండా ఈ సూపు కుదురుతుందా?
- మరో పాఠకురాలు, మధురవాడ

జవాబు: భేషుగ్గా కుదురుతుంది. ఉప్పువేసి నిలవచేసిన గొడ్డుమాంసమో, పంది తోకో వేయడం అక్కడ మామూలే. కానీ జమైకాలోనే రాస్తఫారీలు చాలామంది మాంసం ముట్టరు, కొందరైతే ఉప్పు కూడా మానేస్తారు. ఆ పద్ధతి వంటని 'ఐటల్' అంటారు. మీరు ఉప్పు మానక్కర్లేదు గానీ, కొబ్బరిపాలు మాత్రం తగ్గించకండి.